జానెడు గుడ్డ

బుచ్చిలింగం కొట్టే గుండ్లు ఒకదాని జాడన ఇంకొకటి పోవడం లేదు. ఒకటి చెట్టుమానులో దిగబడితే, ఇంకొకటి బండకు తగిలి కుయ్యిమంటుంది. ఆ తర్వాతది ఎటు పోయిందో దేవుడికే ఎరుక. అదే చెయ్యి, అదే కన్ను, అదే తుపాకి. దర్గా ఉర్సు పండుగ చూస్తే దగ్గర పడుతోంది.

"తుపాకి ముసలిదైంది ఉస్తాద్" అన్నాడు బుచ్చిలింగం.

బురాన్ ఉస్తాద్ గురిరాయి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తుపాకి మూతికి ఎదురుగా నాలుగడుగులు నడిచి, గడ్డిలోకి వంగి, దేనికోసమో తడిమాడు. ఏదో దొరికింది. దులిపి కుర్తా జేబులో వేసుకున్నాడు.

ప్రతిసారీ ఇదే తంతు. గుండు ఎక్కడ తగిలిందో చూద్దామని శిష్యుడు అంత దూరం ఉరికేవాడు. గురువు మాత్రం దగ్గర్లోనే గడ్డి వెతికేవాడు. పాపం, ముసలాయన చూపానక బీడీలు పారేసుకుంటున్నాడు కాబోలు అనుకునేవాడు బుచ్చిలింగం.

ఇది నల్లమల అంచున, జంగ్లీపీరు గుట్ట మీద జరిగిన ముచ్చట. అప్పటికింకా నైజాం నాణెమే చెల్లుతోంది. ఇప్పుడా గుట్టకు సిమెంటు మెట్లు పడ్డాయి, మెట్ల పక్కన చల్లని పానీయాల కొట్లు పడ్డాయి. అప్పుడు మాత్రం సీతాఫలం పొదల మధ్య మేకలు వేసిన బాటే దిక్కు. పైన ఒక దర్గా, దర్గా వెనక ఒక చెలమ, చెలమ పక్కన ఉస్తాద్ గది. ఆ చెలమ నీళ్లు తాగినవాడికి ఆకలెక్కువని చెప్పుకునేవారు. అంత ఎత్తు ఎక్కి వచ్చినవాడికి ఏ నీళ్లు తాగినా ఆకలేస్తుంది, అది వేరే సంగతి.

బర్మారు తుపాకిని చూడని వాళ్లకు ఒక మాట చెప్పుకోవాలి. దానికి వెనక నుంచి తూటా పెట్టరు. మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించాలి. ఒక పూట వంటంత పని. అందుకే ఆ కాలపు వేటగాళ్లకు ఓపిక ఎక్కువ అనేవారు. ఓపిక లేక ఏం చేస్తారు? ఒకసారి గురి తప్పితే, మళ్లీ దట్టించేలోగా అడవిపంది పక్కూరి పొలిమేర దాటేది.

ఉస్తాద్ బర్మారుకు గొట్టం లోపల మెలికలు తిరిగిన సన్నని గీతలుండేవి. సీసపు గుండు ఆ గొట్టం కన్నా వెంట్రుకవాసి చిన్నది. ఆ సందును నింపేది గుడ్డ పేలిక. నూనె పట్టించిన పేలికను మూతి మీద పరిచి, దాని మీద గుండు పెట్టి, బిడ్డను పొత్తిగుడ్డలో చుట్టినట్టు రెంటినీ కలిపి లోపలికి దించుతారు. మందు అంటుకున్నప్పుడు ఆ మంటకు అడ్డం నిలిచేది పేలికే. గుండును గీతల వెంట తిప్పి, తిన్నగా బయటికి పంపేదీ పేలికే. గుడ్డ మంచిదైతే గుండు మాట వింటుంది.

పేలికకు కొవ్వు రాయడం అప్పటి అలవాటు. ఏ కొవ్వు, ఆవుదా ఇంకోదానిదా అని అడగకూడదు. బుచ్చిలింగం చేరిన కొత్తలోనే ఉస్తాద్ ఇప్పనూనెలో తేనెమైనం కరిగించి, ఇంకో డబ్బా తయారుచేసి గూట్లో పెట్టాడు. ఎందుకని ఆయన చెప్పలేదు, ఇతడు అడగలేదు. ఆ రోజుల్లో అలాంటివి నోటితో చెప్పుకునేవారు కాదు.

ఎక్కడున్నాం? ఉర్సు దగ్గర.

జంగ్లీపీరు ఉర్సుకు ఒక ఆచారం ఉండేది. జెండా ఎక్కించే ముందు, లోయకు అవతల మేడిచెట్టు కొమ్మకు చెలమ నీళ్లతో నింపిన మట్టికుండ వేలాడగట్టేవారు. ఇవతలి బండ మీద నిలబడి దాన్ని ఒకే ఒక్క గుండుతో పగలగొట్టాలి. కుండ పగిలి నీళ్లు బండ మీద పారితే ఆ తడిని కళ్లకద్దుకొని, ఈ ఏడు వానలకు కొదవ లేదని సంబరపడుతూ గుట్ట దిగేవారు. పగలకపోతే తాడు కోసి కుండను దించేవారు. జెండా ఎప్పటిలాగే ఎక్కేది కాని, జనం మాటాపలుకూ లేకుండా దిగేవారు. మరుసటి ఏడు తుపాకి ఇంకో ఇంటివాళ్ల చేతికి పోయేది.

ఆ గుండు కొట్టే హక్కు తాతముత్తాతల నుంచి బురాన్ ఉస్తాద్ ఇంటిది. ఆయనకు పిల్లలు లేరు. కళ్లకు పొర కమ్మింది. ఈ ఏడు కుండ కొట్టేది నా శిష్యుడు అని ఆయన పదిమందిలో చెప్పినప్పుడు, పోలీసు పటేలు తిప్పారెడ్డి పగలబడి నవ్వాడు.

"మగ్గం మీద నాడె ఆడించే చేతికి తుపాకియ్యబడితివా ఉస్తాద్? కుండకు గుండు కొడ్తడో, నూలు కండె ఇసిరేస్తడో!"

బుచ్చిలింగం సాలెవారి పిల్లవాడు. తండ్రి ఆశన్న మగ్గం నేసి బతికి, మగ్గం మీదే జ్వరపడి పోయాడు. పోగులను బిగించే ఆశన్న పన్నె దెబ్బ పక్కవీధికి వినిపించేది. ఆయన నేసిన గుడ్డలో నీళ్లు పోస్తే, కిందికి దిగడానికి నీళ్లు బతిమాలుకోవాలి అనేవారు. తండ్రి తర్వాత మగ్గం అన్న చేతికి వచ్చింది. అన్న నేసేది సన్నరకం. చూపుకు బాగుంటుంది, తొందరగా అమ్ముడుపోతుంది.

తిప్పారెడ్డి నవ్వు బుచ్చిలింగం గుండెలో గుచ్చుకుంది. తాను తప్పితే తనకు పోయేది ఒక్కరోజు పరువు. ఉస్తాద్‌కు పోయేది ఇంటి పేరు.

"తుపాకి ముసలిది గాదు, దానికి తొడిగే అంగీ తప్పు. పేలిక మార్చు" అన్నాడు ఉస్తాద్ ఆ సాయంత్రం.

బుచ్చిలింగం నవ్వాడు. "గుడ్డ గురించి సాలెపిల్లగానికి చెప్పబడ్తిరా ఉస్తాద్?"

మర్నాడు పొద్దున్నే అన్న మగ్గం మీంచి కోసుకొచ్చిన కొత్త గుడ్డ పట్టుకొని గుట్టెక్కాడు. తెల్లగా, నిగనిగలాడుతూ, మడత పెడితే కాగితంలా చప్పుడు చేస్తోంది. ఇంకా నీటిచుక్క ఎరగదు. సాలెవారి లెక్కలో గుడ్డకు అంతకంటే మేలైన వయసు లేదు. ఒకసారి నీళ్లలో మునిగిందంటే అది పాతగుడ్డ కిందే లెక్క, సంతలో ఎవడూ ముట్టడు. అందుకే ఉన్నదాంట్లో మేలైనది తెచ్చానని అతడి ధీమా.

ఉస్తాద్ ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి, అందులో ముంచి, పిసికి, పిండి పక్కన పెట్టాడు. గిన్నెలో నీళ్లు తెల్లగా తేలాయి. ఆ గిన్నె శిష్యుడి చేతికిచ్చాడు.

"తాగు."

"ఏంది ఉస్తాద్ ఇది?"

"మీ ఇంటి గంజే. నూనె తాగాల్సిన గుడ్డకు కడుపు నిండ గంజి తాపి తెస్తివి. ఇంక నూనె ఏడ తాగుతది?"

పక్కనే చిలుం నింపుతున్న, దర్గా బాగోగులు చూసే ముతవల్లి జానీమియాకు నవ్వాగక పొరబోయింది. బుచ్చిలింగం చెవులు ఎర్రబడ్డాయి. గిన్నె అక్కడ పెట్టి, ఉతికిన గుడ్డనే ఆరబెట్టి, కోసి, దట్టించి కొట్టాడు. గుండు కొంచెం దగ్గరికొచ్చింది కాని, చాలదు. ఉస్తాద్ గడ్డిలోంచి ఏరుకున్నది జేబులో వేసుకున్నాడు.

తర్వాత పట్టు ముక్క తెచ్చాడు. అది గొట్టంలో జారినంత సుఖంగా జారి, గుండును తన మానాన వదిలేసింది. బస్తీ నుంచి మిల్లు లాంగ్‌క్లాత్ తెప్పించాడు. ఉస్తాద్ దాన్ని పెదాలకు ఆనించుకొని ఉఫ్ మని ఊదాడు. గుడ్డకు అవతల పట్టుకున్న బుచ్చిలింగం అరచేతికి గాలి తగిలింది.

"నా ఊపిరికే తోవ ఇచ్చింది. మందుకు తోవ ఇయ్యదా?" అని గుడ్డ మడిచి ఇచ్చాడు.

ఆ కాలంలో గుడ్డలెన్ని రకాలని! గాడా, కోరా, మల్లు, జీను. ఒక్కొక్కదానికి ఒక్కో వాసన, ఒక్కో చప్పుడు. కళ్లు మూసి ముట్టుకొని పేరు చెప్పే ముసలమ్మలుండేవారు. ఇప్పుడు అన్నీ ఒకేలా జారిపోతాయి. అవన్నీ బుచ్చిలింగం గుట్ట మీదికి మోశాడు. ఏదీ ఉస్తాద్ ఊపిరిని ఆపలేదు.

చివరికి ఉస్తాద్ అడిగాడు.

"మీ నాయిన నేసిన గుడ్డ ఏదన్న ఉన్నదా ఇంట్ల?"

బుచ్చిలింగం కడ్డీ తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"లేదుస్తాద్."

ఉంది.

నేసేవాడికి తన కోసం నేసుకునే తీరిక ఎప్పుడుంటుంది? ఆశన్న జన్మలో ఒక్క ధోవతి తన కోసం నేసుకున్నాడు. కట్టి, ఉతికి, మళ్లీ కట్టి, ఉతికి, చెవి తమ్మెలా మెత్తగా చేసుకొని, అంతలోనే పోయాడు. అది బుచ్చిలింగం తల్లి సాయమ్మ ట్రంకుపెట్టెలో వేపాకుల మధ్య ఉంది. ఏటా ఎండాకాలం ఆమె దాన్ని బయటికి తీసి, ఎండలో వేసి, పక్కనే కూచొని కాకులు వాలకుండా చూసి, మళ్లీ మడిచి పెట్టేది.

ఆ మధ్యాహ్నం బుచ్చిలింగం ఇంటికిపోయి పెట్టె తీశాడు. ధోవతి అంచు పెదాలకు ఆనించుకొని ఊదాడు. ఊపిరి తిరిగి తన ముఖానికే కొట్టింది. పొగాకు వాసన వేసింది. పొగాకు వెనక ఇంకేదో వాసన, దానికి పేరు లేదు.

వాకిట్లోంచి సాయమ్మ చూసింది. "ఏందిరా బిడ్డా?"

"ఏం లేదమ్మా. పురుగు పట్టిందా అని చూస్తున్న."

పెట్టె మూసేశాడు.

ఉర్సు రోజు రానే వచ్చింది. గుట్ట మీద ఇసుక వేస్తే రాలనంత జనం. బొరుగులు, మిఠాయి, గాజులు, నగారాలు. పొద్దు వాలుతుండగా జానీమియా కుండ నింపి, మేడికొమ్మకు వేలాడదీసి వచ్చాడు. గాలికి కుండ కొంచెంగా ఊగుతోంది. తిప్పారెడ్డి తన షికారీని పక్కన పెట్టుకొని, అందరికంటే ముందు బండ మీద కూచున్నాడు.

"తొందరేం లేదు పిల్లగా, గుండు దప్పితే మావోడు వచ్చే యేటికి తయారుగున్నడు" అన్నాడు మీసం దువ్వుతూ.

బుచ్చిలింగం మందు పోశాడు. ఉన్నవాటిలో కాస్త నయమని ఉతికి పెట్టుకున్న లాంగ్‌క్లాత్ పేలిక తీశాడు. ఆ గుడ్డతో ఈ గుండు ఎటు పోతుందో అతడికి తెలుసు. తెలిసీ మూతి మీద పరచబోతుంటే, ఉస్తాద్ చెయ్యి అడ్డం వచ్చింది.

"జర ఆగు."

ఉస్తాద్ తన గదిలోకి పోయాడు. జనం గుసగుసలాడారు. వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక తెల్లని మూట ఉంది. దాన్ని చూసి నగారాలవాళ్లు చేతులాపారు. గుట్ట మీద అందరికీ ఆ మూట తెలుసు. పోయిన రోజు తన ఒంటికి చుట్టడం కోసం ఉస్తాద్ దాచుకున్న కఫన్ అది. ఏటా ఒకసారి చెలమ నీళ్లలో తడిపి ఆరేసేవాడు. పిల్లలు భయపడి దూరంగా నడిచేవారు.

ఉస్తాద్ మూట విప్పి, గుడ్డ అంచు పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"యా అల్లా! ఉస్తాద్, అది మీ కఫన్!" జానీమియా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎరుకనే జానీ. చెయ్యి ఇడువు."

"తక్కువైతది ఉస్తాద్!"

"మట్టి గజాలు అడగదు లే."

పంటితో గాటుపెట్టి ఒక్క ఊపులో చింపాడు. సర్రుమని, ఒకే తీరున, గీత గీసినట్టు చిరిగింది. ఆ చప్పుడుకు బుచ్చిలింగం తల ఎత్తాడు. చిన్నప్పుడు మగ్గం కింద ఆడుకుంటూ నిద్రపోతే, ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. తండ్రి మగ్గం మీంచి గుడ్డ తాను దించి, తువ్వాళ్లు చింపే చప్పుడు. అన్న గుడ్డ అట్లా చిరగదు, వంకర పోతుంది.

"ఇది..." అన్నాడు.

"ఔను. మీ నాయిననే నేసిండు" అన్నాడు ఉస్తాద్, పేలికకు నూనె పట్టిస్తూ. గూట్లోని ఇప్పనూనె డబ్బా తెచ్చుకున్నాడు. "నన్ను జుట్టనీకి నేసిచ్చిండు. ముందుగాల నేనే పోతననుకున్నం ఇద్దరం."

పేలికను శిష్యుడి చేతికిచ్చాడు.

బుచ్చిలింగం దాన్ని మూతి మీద పరిచాడు. గుండు పెట్టాడు. దించుతుంటే కడ్డీ ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా ఆగలేదు. నిప్పు రేపే చిన్న రాగి టోపీ తొడిగి, తుపాకి భుజానికెత్తాడు. కుండ ఊగి, నిలిచి, ఊగింది. నిలిచినప్పుడు మీట నొక్కాడు.

పొగ. పొగలో ఏమీ కనబడలేదు. ముందు చప్పుడొచ్చింది, నీళ్లు బండ మీద పడ్డ చప్పుడు. తర్వాత జనం అరుపు. "దీన్ దీన్" అన్నవాళ్లు, "గోవిందా" అన్నవాళ్లు కలిసి ఒకే కేక పెట్టారు. అందరూ లోయలోకి దిగి, అవతలి బండ వైపు ఉరికారు. తిప్పారెడ్డి కూడా చెప్పులు చేతబట్టుకొని ఉరికాడు. వానలు అందరికీ కావాలి కదా.

బుచ్చిలింగం కూడా ఒక అడుగు అటు వేశాడు. అంతలో వెనక్కి చూశాడు.

ఉస్తాద్ గడ్డిలో మోకాళ్ల మీద కూచొని తడుముతున్నాడు.

ఆయన పక్కన తానూ కూచున్నాడు. ఇద్దరూ వెతికారు. ఒక ముళ్లపొద మొదట్లో దొరికింది. గుండ్రంగా, విచ్చిన పువ్వులా ఉంది. నడుమ రూపాయంత మసి. ఒక పోగు తెగలేదు. అంచు ఎక్కడా కాలలేదు. ఇంకా వెచ్చగా ఉంది.

ఉస్తాద్ దాన్ని శిష్యుడి అరచేతిలో పెట్టాడు. తర్వాత కుర్తా జేబులోంచి ఇన్నాళ్లూ ఏరుకున్నవన్నీ తీసి పక్కన పోశాడు. నడుమ తూటుపడ్డవి, అంచులు చీలినవి, బూడిదై వేలికి అంటుకొనేవి. అన్న సన్నరకం, పట్టు, మిల్లు గుడ్డ.

"కుండను జూసెటోళ్లు మస్తుమంది ఉన్నరు" అన్నాడు. "నువ్వు ఇవి జూడు."

ఆ రాత్రి బుచ్చిలింగానికి నిద్ర పట్టలేదు. తెల్లారగానే ట్రంకుపెట్టె తీశాడు. సాయమ్మ వచ్చి వెనక నిలబడింది. ఈసారి పురుగు మాట చెప్పలేదు.

"ఉస్తాద్ కఫన్ జానెడు తక్కువైందమ్మా. నాయిన నేసిందే."

సాయమ్మ తనే వంగి, వేపాకులు దులిపి, ధోవతి తీసి కొడుకు చేతుల్లో పెట్టింది. "మడత నలగనీకు" అంది.

గుట్ట మీద నిన్నటి సందడి లేదు. కాకులు బొరుగులు ఏరుకుంటున్నాయి. ఉస్తాద్ చెలమ దగ్గర కూచొని తుపాకి గొట్టం కడుగుతున్నాడు. బుచ్చిలింగం ధోవతి ఆయన ముందు పెట్టి, తల దించుకొని నిలబడ్డాడు.

ఉస్తాద్ చేతులు తుడుచుకొని గుడ్డను తడిమాడు. పెదాలకు ఆనించి ఊదాడు. అటువైపు చెయ్యి పెట్టి చూసుకున్నాడు. గాలి తగల్లేదు.

"ఉన్నదన్నట్టు" అన్నాడు.

"ఉండె ఉస్తాద్. అబద్ధమాడిన. దీంట్ల నుంచి మీకు తక్కువైనంత తీసుకోండ్రి."

ఉస్తాద్ నవ్వాడు. "నా కఫన్‌కు అతుకేస్తవా? మట్టి అడగదని చెప్తిగద. వచ్చే యేడు కుండ మాత్రం అడుగుతది."

ధోవతి అంచు వెతికి, దాన్ని శిష్యుడి చేతికే ఇచ్చాడు.

"నువ్వు చింపు."

బుచ్చిలింగం అంచును పళ్ల మధ్య పెట్టుకున్నాడు. పొగాకు వాసన, దాని వెనక పేరు లేని ఆ వాసన. కళ్లు మూసుకొని లాగాడు.

సర్రుమని, ఒకే తీరున, గీత గీసినట్టు చిరిగింది. ఆ చప్పుడు చెలమ మీదుగా పోయి బండకు తగిలి మళ్లీ వినిపించింది.

అది ఆగేదాకా ఉస్తాద్ చెవి అటే పెట్టి విన్నాడు.

"మంచిగ నేసిండు" అన్నాడు.